ఎడ్లు గుంజిన మిల్ట్రీ జీపు

రాండ్రి, రాండ్రి, దగ్గరికి జరిగి కూసోండ్రి. అరుగు మీద జాగా మస్తున్నది. గా సాప ఇటు గుంజుకోండ్రి. నువ్వు ముందుగాల గా ఇంజన్ బంద్ జెయ్యి బిడ్డా. ఆఁ, గట్ల. గిప్పుడు నా మాట నాకు వినవడుతాంది. పాత మిల్ట్రీ జీపటనా ఇది? వేలంల కొన్నవా? తుప్పు వట్టిన దాన్ని తెచ్చి, ఒక్కొక్క బోల్టు ఊడదీసి, కడిగి మళ్ల బిగించినవా? ఎందుకురా అంటె షౌకు అంటున్నవు. తప్పేం లేదు నాయినా, షౌకు లేని మనిషి ఉప్పు లేని పప్పులెక్క. గుట్టకు తీస్కపోయి పూజ జేయిస్తరా? నర్సింహసామి సల్లగ సూడాలె. కని ఇసొంటి బండిని ఈ సావిత్రమ్మ ఇంటి ముంగట ఆపినంక ఊకెనే పోనిస్తనా? మా ఇంట్ల గూడ ఉండె గిది. అచ్చం గిదే. ముందల సన్నసన్న చీలికల జాలి, గుండ్రంగ రెండు కండ్లు, తలుపుల్లేని ఒళ్లు. నవ్వుతున్నవేంది? నేతపని చేసేటోళ్ల ఇంట్ల మిల్ట్రీ జీపేందని కదా? గదే చెప్తున్న, విను.

మా మామ దశరథ. నా మొగుని బాపు. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చేసరికే ఆయన ముసలాయన, నేను చెప్పేటియన్ని మా అత్తమ్మ కౌసల్య నాకు బియ్యం ఏరుకుంట చెప్పినయ్. ఏమాట కామాట, అత్తమ్మ నోరు చాటంత, కని అబద్ధం మాత్రం చెప్పకపోయేది. మామ పడుసుతనంల పెద్ద లడాయి జరుగుతుండె. గా లడాయికి వోయి, బర్మ దిక్కు లారీలు నడిపి, బతికి వచ్చిండు. వచ్చి మల్ల మగ్గం మీదనే కూసున్నడు. చేతులు పోగును అటిటు తీస్కపొయ్యే నాడె ఇసురుతుంటె కాళ్లు మాత్రం మగ్గం గుంటల బిరేకులు తొక్కుతున్నట్టు ఉండేదట. "ఏంది, ఏ ఊరికి పోతున్నవు?" అని అత్తమ్మ ఎక్కిరిచ్చేది. నీకు గుంట మగ్గం ఎరుకనా బిడ్డా? నేలల గుంట తవ్వి, కాళ్లు గుంటల పెట్టి కూసుంటరు. మనిషి ముడుసుకుంటె అండ్ల కనవడడు. గీ గుంట ముచ్చట యాదిల పెట్టుకో.

ఆయనకు ఒక అన్న, రఘుపతి. మంచి చెయ్యి. సామి కల్యాణానికి ఏటేటా మా ఇంటికెల్లే కండువ పోయేది, దాన్ని రఘుపతే నేసేటోడు. గా ఏడు కండువ సగం నేసిండు. రజాకార్లు లారీల దిగిండ్రు. దొరల మీద, సర్కారు మీద తిరగవడ్డ సంఘపోళ్లకు బువ్వ పెట్టిండ్రని పేరు వెట్టి మగోళ్లను ఎక్కిచ్చుకున్నరు. రఘుపతిని మగ్గం మీదికెల్లే చెయ్యి వట్టి గుంజుకపోయిండ్రు. మిగిలినోళ్లు ఒకలెన్క ఒకలు కాళ్లీడ్సుకుంట వచ్చిండ్రు. రఘుపతి రాలే. గా నాటి సంది వాళ్లమ్మ భద్రమ్మకు మోటరు సప్పుడు వినవడితె చాలు, ఉరికి మగ్గం గుంటల జొచ్చి కొంగు మీద కప్పుకునేది. అటెన్క మిల్ట్రీ వచ్చింది, రజాకార్లు పోయిండ్రు, ఊరంత బెల్లం పంచుకున్నరు. జర దినాలకు మిల్ట్రీ గూడ సంఘపోళ్లను ఎతుక్కుంట ఇండ్లల్ల జొరవడ్డది. ముసల్ది మల్ల గుంటల్నే. "అమ్మా, ఈళ్లు వేరేటోళ్లే" అని మామ అంటె, "అటోళ్లు వచ్చినా గదే సప్పుడు, ఇటోళ్లు వచ్చినా గదే సప్పుడు. సప్పుడుకు మొఖముంటదారా, సూసి గుర్తువట్ట?" అన్నదట.  మామ పొయ్యి మగ్గం మీద కూసున్నడు. అన్న ఇడిసిపోయిన కండువను తనే పూర్తి చేసి అమ్మ చేతుల వెట్టిండు. ఆమె దాన్ని ఏలుతోని తడిమి, "ఈడిదాన్క పెద్దోడు, ఈడికెల్లి నువ్వు" అన్నదట. పోగును బిగిచ్చే పోటు ఏసే చెయ్యి మారితె బట్టల తెలుస్తది, నేసేటోళ్ల ఏలుకే తెలుస్తది.

ఆఁ, జీపు. వస్తున్న. గా వానకాలం మా ఊరి వాగుల మిల్ట్రీ జీపు ఒకటి దిగవడ్డది. మీదికెల్లి వరద వచ్చి ఇంజన్ల ఇసుక జొచ్చింది. సిపాయిలు పనికొచ్చేటియి ఊడదీస్కొని, మిగిలింది ఇడిసిపెట్టి పోయిండ్రు. ఊరోళ్లు దాని దిక్కు సూసుడే బందు. బర్లను గూడ సుట్టు తిప్పి తోలుకపొయ్యేటోళ్లు. మా మామ ఒక్కడు రోజు పొయ్యి ఒడ్డు మీద కూసుని సూసేది. ఎట్ల సూసేదంటె, గుళ్లె మూలవిరాట్టును సూసినట్టు. ఒకనాడు ఉండవట్టలేక నల్గొండ క్యాంపుకు పోయి అడిగిండు. లడాయిల పనిజేసినోడాయె, హిందుస్తానీ మంచిగొచ్చు. గాడున్న ఆఫీసరు నవ్వి, "చలా సకే తో తేరా" అన్నడట. నడిపించుకుంటె నీదే, తీస్కపో అని. మామ ఊర్లెకు వచ్చి కురుమయ్య కాళ్లు వట్టుకున్నంత పని జేసిండు. కురుమయ్య పక్కింటి కాపాయన, జోడెడ్లకు పేరువడ్డోడు. "నా ఎడ్లు నాగలి గుంజుతయి గని నవాబుల బండ్లు గుంజయి" అని బెట్టు చేసి, ఆఖరికి గాయనే వచ్చి గుంజిచ్చి మా వాకిట్ల ఏయించిండు. భద్రమ్మ గడప అవతల నిలవడి సూసింది. సప్పుడు లేకుంటె దానితోని ఆమెకు పేచీ లేదు. "పాపం, ఇనుప బర్రె సచ్చింది" అన్నదట.

ఇగ సూడు మా మామ తపస్సు. తపస్సే అంట నేను. పాత చీర పరిసి, ఊడదీసిన సామాను ఊడదీసినట్టే వరుసగ పెట్టేది. పడుగు పోగు ఒక్కటి తప్పితె బట్ట చెడుతది గదా, గంతే పట్టింపు. పొద్దంత మగ్గం, పొద్దుగూకే ముందట జీపు. ఇంజను మూతకింద రాగి రేకు కావాలె, ఏడ దొరుకుతది? అత్తమ్మ పెండ్లి బిందె మాయమయింది. "బిందె ఏదయ్యా?" అంటె, "నీళ్లే గదా మోసేది, గిప్పుడు ఏకంగ నిన్నే మోస్తది" అన్నడట. అత్తమ్మ గీ మాట చెప్పినప్పుడల్లా తిట్టేది, తిట్టుకుంట నవ్వేది. పంక తిప్పే పట్ట తెగిపోయుంటె నూలుతోని మందంగ పట్ట నేసి, చింతగింజల గంజిల నానవెట్టి ఎండవెట్టి ఏసిండు. నీళ్లడబ్బ కారుతుంటె అండ్ల గుప్పెడు పసుపు పోసిండు, సందులు పూడుకుపోయినయ్. నువ్వు నవ్వకు బిడ్డా, మీ నాయినను అడుగు, పాత డ్రైవర్లందరికి ఎరుకే. అందరు బండికి పసుపు పెడితె మా మామ బండికి పసుపు తాపిండు. మీది కప్పు బట్ట గూడ మగ్గం మీద నేసిందే. దేవునికి కండువ నేసిన మగ్గం మీద జీపుకు గొడుగు నేసిండు సూడు.

ఒకనాడు తెల్లారంగ, ఎవ్వలకు చెప్పలే, తనకే నమ్మకం లేకుండె, ముందల రాడు వెట్టి తిప్పిండు. ఇంజను దగ్గింది. మల్ల తిప్పిండు. లేసింది. సచ్చిన ఇనుము కండ్ల ముంగట లేసి ఊపిరి వీలుస్తుంటె ఆయనకు కండ్లల్ల నీళ్లు తిరిగినయట. గా సంబురంల తల ఎత్తి సూస్తె, వీధిల మనిషి లేడు. పొయ్యి మీద అంబలి పొయ్యి మీదనే ఉన్నది, చాంతాడు బాయిలనే ఉన్నది, ఊరంత జొన్నచేన్లల్ల వడ్డది. కురుమయ్య అయితె ఒక కాలికే చెప్పేసుకొని ఉరికిండట, "జీపుకు భయపడి గాదురా, నా ఎడ్లను కాపాడుకుందామని" అని సచ్చేదాన్క చెప్పుకున్నడు. మామ గూడ నవ్విండు. లోపలికెల్లి మూలుగు వినవడ్డంక ఆయన నవ్వు ఆగింది. అమ్మ గుంటలకు దుంకింది. ఎప్పటిలెక్క దిగలే, దుంకింది. తుంటి బొక్క ఇరిగింది.

ఇంజను బంద్ జేసిండు. అమ్మను ఎత్తి మంచంల పండవెట్టి, బండి మీద గా నేసిన బట్టనే కప్పిండు. అటెన్క దాని దిక్కు పోలే. ఆకుపసరు పోసి కట్టు కట్టేటాయన నెలలకొద్ది వచ్చిండు. బొక్క అతికింది, కని "కుదుపు తగిలిందంటె మల్ల ఇరుగుతది, నడుసుడు ఇగ ఇంట్ల మటుకే" అన్నడు. ఫాల్గుణం వచ్చింది. గుట్ట మీద సామి కల్యాణం. ముసల్ది మంచంల కండువ పక్కన వెట్టుకొని, "నేను పొయ్యి సామికి ఇయ్యాలె" అన్నది. "నేనిచ్చొస్త అమ్మా" అంటె వినదు. "పెద్దోడు వస్తడో రాడో సామి ఇష్టం. బట్ట ఆయనది. నా చేతితోని అప్పజెప్పకుంటె నాకు పానం పోదు" అన్నది. ఎడ్ల కచ్చురంల పోదమంటె ఇనుప పట్టాల చక్రాలు, రాళ్ల తొవ్వ. డోలి కట్టి మోస్తమంటె, "నేనింక పీనుగను గాలే" అని కయ్యిమన్నది. మెత్తగ నడిసే బండి మా ఊరి మొత్తంల ఒక్కటే. రబ్బరు టైర్లు, కింద కుదుపు ఆపే కమాన్లు. కని దాని ఇంజను చాలు జేస్తె, సప్పుడుకే ఆమె పానం పోతది. మామ రోజంత బువ్వ ముట్టలేదట. ఆఖరికి లేసి కురుమయ్య ఇంటికి పోయిండు. "అన్నా, ఎడ్లు కావాలె. నా జీపుకు కట్టాలె." "ఇంజను పాడయిందారా?" "లేదు. మంచిగున్నది." "మరి?" "అమ్మ ఎక్కుతది." కురుమయ్య దొడ్లెకు పోయిండు. ఎడ్ల మెడల కొత్త గంటలు కట్టి తోలుకొచ్చిండు.

సూడు బిడ్డా, మంచిగ ఆలోచన జెయ్యి. నువ్వు గూడ బండి లేపినోడివి. లేసిన ఇంజన్ మీద చెయ్యేస్తె ఎట్లుంటదో నీకు ఎరుకే. గసొంటి ఇంజన్ను నోరు మూయిచ్చి, ముందల ఎడ్లు కట్టి, తను చక్రం వట్టుకొని కూసున్నడు. పక్కన మెత్త మీద భద్రమ్మ, ఒడిల కండువ. ఎనుక అత్తమ్మ, సద్దిమూట. తొవ్వపొంటి నవ్వనోడు లేడు. "దశరథా, పెట్రోలు బదులు గడ్డి తింటదా నీ జీపు?" అంటె, "అవునే, పేడ గూడ ఏస్తది, కావాల్నా?" అనుకుంట పోయిండు. ముసల్ది గూడ కిసుక్కున నవ్విందట, పెద్దోడు పోయినంక గదే మొదటి నవ్వు.

ఇగ గుట్ట కనవడే జాగా. ఎదురుంగ మిల్ట్రీ లారీ. నిండ సిపాయిలు. సప్పుడు దూరంకెల్లే వచ్చింది. ముసల్దానికి జొరవడతందుకు గుంట లేదు. కండువ నెత్తి మీదికి గుంజుకొని ముడుసుకున్నది. కురుమయ్య ఎడ్లు బెదిరినయ్. మామ చక్రం ఇడిసిపెట్టి కిందికి దుంకి, రోడ్డు నడుమ చేతులు జోడిచ్చి నిలవడ్డడు. మీదికొస్తున్న లారీ ముంగట. లారీ ఆగింది, ఇంజను మాత్రం గుర్రుమంటనే ఉన్నది. గడ్డం, తలపాగ ఉన్న సర్దారు సిపాయి ఒకాయన దిగి, జీపును సూసి, ఎడ్లను సూసి, "ఇంజన్ ఖరాబా? మేం సూస్తం తియ్" అన్నడు. మామ హిందుస్తానీల అన్నడట: "ఖరాబు గాలే సాబ్. మా అన్నను లారీల తీస్కపోయిండ్రు. మల్ల రాలే. మా అమ్మ గీ సప్పుడు ఓర్సుకోదు. దేవుని కాడికి పోతున్నం." గంతే.  గా సర్దారు ముసల్దాని దిక్కు సూసిండు. ఎనుకకు మర్లి చెయ్యి ఊపిండు. లారీ బంద్ అయింది. అత్తమ్మ ఏమనేదంటె, "గంత నిశ్శబ్దం నేను గుడిల గూడ వినలే సావిత్రీ. ఎడ్ల ఊపిరి వినవడ్డది" అనేది. సిపాయిలు దిగి, తొవ్వ పక్కకు జరిగి నిలవడ్డరు. జీపు గంటల సప్పుడుతోని వాళ్ల నడుమకెల్లి పోయింది. జీపు గంత దూరం మలుపు తిరిగేదాన్క లారీ చాలు గాలే. ముసల్ది కండువ జరిపి ఒక్కొక్కని మొఖం సూసుకుంట పోయింది. ఆమె ఏలు మాత్రం కండువ నడుమ, గా చేతులు మారిన కాడనే ఉన్నదట.

మెట్లు మామ ఈపు మీద ఎక్కిచ్చిండు. కండువ సామికి అందింది. అయ్యగారు దాన్ని కల్యాణం నాడు ఏస్తమన్నడు. ఏసిండ్రో లేదో మావోళ్లు సూడలే, సామికి ఎరుక. మళ్లొచ్చేటప్పుడు ఊరి పొలిమెరకు వచ్చినంక భద్రమ్మ, "ఎడ్లను ఇడువుండ్రి" అన్నది. ఎందుకో ఎవ్వలకు సమజ్ గాలే. "దశరథా, నీ మర తిప్పు." ఆయన తిప్పనన్నడు. "వద్దే అమ్మా, ఇంటికొచ్చినం." "నా పెద్దకొడుకు గా సప్పుడుల పోయిండు. నేను గదే సప్పుడుల ఇంటికొస్త. తిప్పు." ఆయన రాడు వెట్టి తిప్పిండట. ఇంజను లేసింది. ఆమె కండ్లు మూసుకొని, ముందలి ఇనుప కమ్మిని రెండు చేతుల వట్టుకున్నది. ఊరు ఎప్పటిలెక్క చేన్లల్ల వడ్డది. జొన్న కంకుల సందులకెల్లి తొంగి సూసి, ఒక్కొక్కరు లేసి నిలవడ్డరు. భద్రమ్మ. మిల్ట్రీ జీపుల. పల్లకిల అమ్మవారిలెక్క. ఎవ్వలు ఉరకలే ఇగ.

అటెన్క చాన ఏండ్లు నడిపిండు మామ. చాలు జేసే ముందట మాత్రం ఇంట్లెకు పొయ్యి, "అమ్మా, తిప్పుతున్న" అని చెప్పందే తిప్పకపోయేది. ఆమె పోయినంక గూడ ఖాళీ మంచం కాడికి పోయి చెప్పొచ్చేటోడు. నేను నా కండ్లార సూసిన.

ఆయన సచ్చిన బండిని లేపిన ముచ్చట ఊరంత చెప్తది, చెప్పని. మీరు మాత్రం గది చెప్పకుండ్రి. లేసిన బండిని అమ్మ కోసం బంద్ జేసి ఎడ్లను కట్టిన ముచ్చట మతికుంచుకోండ్రి. గుట్ట మీద పూజకాడ నలుగురు మీ జీపు సుట్టు చేరుతరు గదా, గాళ్లకు గదొక్కటి చెప్పుండ్రి.

ఇగో, చెయ్యియ్యి జర, లేస్త. పొయ్యి మీద పాలు వెట్టి వచ్చిన నేను.