ఒక్క తుపాకికి రెండు నూనెలు

అధ్యక్షత వహిస్తున్న కమాండెంట్ గారికి, ముందు వరసలోని పెద్దలకు, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపే చూస్తున్న వెనక వరస మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఈ వీడ్కోలు సభలో ఇందాకటి నుంచీ నా గురించి మంచి మాటలు వింటున్నాను. నేను చేసిందల్లా ఈ ఆయుధాగారంలో తుపాకులకు ఆయిల్ రాయడం, రాయించడం, ఎక్కువ రాసినవాణ్ణి తిట్టడం. చూడటానికి తేలికే. కానీ కొండ మీద చలిలో కాపలా కాసే రైఫిల్‌కి చిక్కటిది రాస్తే గడ్డకట్టి, తూటాని లోపలికి నెట్టే బోల్టు మొరాయిస్తుంది, పల్చటిది రాస్తే వానకి కడుక్కుపోయి తుప్పు పడుతుంది, దుమ్ములో ఏది ఎక్కువైనా ఇసుకంతా దానికే అంటుకుంటుంది. "ఇంట్లో వంటనూనె గురించి ఏనాడైనా ఇంత ఆలోచించారా?" అని మా ఆవిడ అడుగుతుంది. అదిగో, నవ్వుతోంది చూడండి.

నాది చిక్కటి ఆయిల్ పక్షం. రేపటి నుంచి నా స్థానంలో ఉండబోయే అమ్మాయిది పల్చటి ఆయిల్ పక్షం. తను నా కోడలని మీ అందరికీ తెలుసు. ఇక్కడ 'సార్' అంటుంది, ఇంట్లో 'మావయ్యా' అంటుంది, మాట మాత్రం రెండుచోట్లా వినదు. (నవ్వులు) ఈ చలికాలమంతా మా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో మా ఆవిడే రాయబారి. "బోల్టుకి పల్చటిదే రాయాలట, మీ కోడలు చెప్పమంది. భోజనానికి వస్తారా, రారా?"

పాపం కాపలా జవాన్లకి, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొద్దున తను తనిఖీకి వస్తుందని పల్చటిది రాసేవారు, సాయంత్రం నేనొస్తానని దాని మీదే చిక్కటిది పూసేవారు. ఇద్దరం శభాష్ అనేవాళ్లం. రెండూ కలిసి జిగురైపోయి, పోయిన నెల కాల్పులు సాధన చేసే రేంజిలో ఒక కుర్రాడి బోల్టు సగంలో ఇరుక్కుంది. ఎదురుగా ఉన్నది అట్టబొమ్మ కాబట్టి అందరం నవ్వేశాం. కొండ మీద కాపలాలో జరిగుంటే ఆ కుర్రాడు ఇవాళ ఈ హాల్లో ఉండేవాడు కాదు. లేవక్కర్లేదు బాబూ, కూర్చో.

సలహాదారుగా ఉండిపొమ్మని కమాండెంట్ గారు పెద్ద మనసుతో అడిగారు. నాకు ఉండాలనే ఉంది సార్. పొద్దున్నే ఆ ఆయుధాల గదికి కాక ఇంకెక్కడికి వెళ్లాలో నాకు తెలియదు. అయినా వద్దంటున్నాను. నేనుంటే మళ్లీ ఆ రెండు నూనెలే. పల్చటి ఆయిల్ విషయంలో తను చెప్పేది ఇప్పటికీ ఒప్పుకోను, వానాకాలం రానివ్వండి తెలుస్తుంది. కానీ ఒకరు చేసిన తప్పు ఆ ఒక్కరూ దిద్దుకోగలరు. ఇద్దరం పట్టుబట్టి రాయిస్తే దిద్దేవాడే ఉండడు.

(కోడలి వైపు తిరిగి) అమ్మాయ్, రేపటి నుంచి ఏ ఆయిల్ రాయాలో నన్ను అడగకు. ఇంట్లో కూడా అడగకు. ముసలాయన చిన్నబోయాడని జాలేసినా సరే, అడగకు. అడిగితే చెప్పేస్తాను. భోజనాల దగ్గర మాత్రం మాట్లాడు.

ఇన్నేళ్లూ నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. తాళాలు తన ముందు బల్ల మీద పెట్టాను. సెలవు.