గ్యారేజీ నేల, సౌనా తూము

షెరీఫ్ కార్యాలయం, కివి లేక్, ఎగువ మిషిగన్. 2019 సెప్టెంబరు 21, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి డెప్యూటీ లాంబర్ట్ ఎదుట ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు ఎల్మా కార్వోనెన్. వయసు అరవై ఒకటి. బడిలో పిల్లలకి వంట చేస్తాను. నా భర్త ఆర్వో కార్వోనెన్ వయసు అరవై నాలుగు. ఇంటి గ్యారేజీలోనే ట్రక్కులు, మంచు తోసే బండ్లు బాగుచేస్తాడు. టౌనో లెహ్టో నా తమ్ముడు. గ్యారేజీలకి నేలపూత వేయడం వాడి వృత్తి. నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను. రాత్రి నిద్ర లేదు. కాబట్టి ఎక్కడైనా తడబడితే ఆపకండి, నేనే సర్దుకుంటాను.

ఈ నెల పదో తారీఖు, మంగళవారం, ఉదయం పదిన్నర ప్రాంతంలో మా గ్యారేజీలో జాకీ స్టాండు జారింది. పైన ఉన్న ట్రక్కు ఆర్వో కాలి మీద పడింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇదంతా మీకు తెలుసు. తర్వాత వారం టౌనో మీ దగ్గరికి వచ్చి, నేల సానపట్టకుండానే పూత వేశానని, తప్పంతా తనదేనని రాసిచ్చాడని మీరే చెప్పారు. కేసు పెడతారని, వాడి లైసెన్సు పోవచ్చని కూడా చెప్పారు. మా తమ్ముడు చెప్పింది అబద్ధం. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

మొదట్నుంచి చెప్తాను. మా గ్యారేజీ నేల ఆర్వో వాళ్ల నాన్న పోసిన కాంక్రీటు. చలికాలమంతా బండ్ల కింద నుంచి ఉప్పునీళ్లు కారి కారి పొడి రాలడం మొదలైంది. ఊడ్చినకొద్దీ దుమ్మే. పోయిన జనవరిలో పూత వేయిద్దామన్నాను. నేను అన్నది ఆ ఒక్క మాటే. ఆ తర్వాత వసంతం దాకా నా వంటింట్లో ఆ నేల తప్ప ఇంకో ముచ్చట లేదు. బావా బావమరుదులు కాఫీ మీద కాఫీ తాగుతూ ఆ నేలనే నమిలారు. వినీ వినీ నా తల ప్రాణం తోకకి వచ్చింది.

ఆర్వో ఒకరోజు కొట్టు నుంచి ఒక నేలపూత పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, బొమ్మ చూడు. ఒక్క రోజులో అయిపోతుందట" అన్నాడు.

టౌనో పెట్టె ఎత్తి చూశాడు. "బావా, ఇది నీళ్లు కలిపిన రంగు. ఆరాక కాగితమంత మందం మిగుల్తుంది. ఆదివారం చర్చికెళ్లొచ్చే కారుకైతే చాలు. నీ గ్యారేజీలో వేడి టైరు వచ్చి ఆగిందంటే టైరుతో పాటే లేచొచ్చేస్తుంది."

"నీకు ఏదీ చాలదురా."

"సుత్తి పడేసేది ఎవరు? నువ్వు. బ్రేక్ ఆయిల్ ఒలకబోసేది నువ్వు. వెల్డింగ్ నిప్పులు రాల్చేది నువ్వు. మధ్యలో నన్నంటావేంటి?"

టౌనో చెప్పింది గట్టి ఎపాక్సీ. రెండు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి కలిపేది, నీళ్లూ పలచన చేసే మందులూ ఏమీ లేనిది. దాని మీద నూనెకీ నిప్పురవ్వలకీ తట్టుకునే పై పూత ఇంకొకటి. ముందు నేలంతా గ్రైండర్‌తో గీరి సానపట్టాలి, గీరకపోతే పూత కాంక్రీటుని పట్టుకోదు అన్నాడు. ఇది రాసుకోండి. గీరకుండా వేయకూడదని నా వంటింట్లో కూర్చుని చెప్పింది వాడే.

వాడు తెచ్చిన నమూనా పలక మీద రంగురంగుల చుక్కలున్నాయి. ఆర్వో దాన్ని చూసి, "ఏంట్రా ఇది, పుట్టినరోజు కేకా? ఇందులో బోల్టు జారిపడితే మళ్లీ ఎండాకాలం దాకా కనబడదు" అన్నాడు. ఆ మాటకి టౌనో ఒప్పుకున్నాడు. చుక్కల్లేని లేత బూడిద రంగు ఖాయం చేశారు. తర్వాత ఇసుక దగ్గర పేచీ వచ్చింది. పై పూతలో సన్న ఇసుక చల్లితే కాలు జారదని టౌనో అన్నాడు. పడుకుని బండి కిందకి దూరే చక్రాలపలక దొర్లదని ఆర్వో అన్నాడు.

"మంచు కరిగి బూట్ల కింద నీళ్లు నిలిస్తే పళ్లూడతాయి బావా."

"నా పళ్లు, నా ఇష్టం."

"అవి నీవెక్కడివి, డాక్టరు పెట్టినవి కదా!"

నేను నవ్వాను. ఆర్వో కూడా కాఫీ పొలమారేదాకా నవ్వాడు. ఇది కూడా రాసుకోండి. వాళ్లిద్దరి మధ్య పగలేం లేవు. ఇసుక తలుపు దగ్గర మాత్రం చల్లుదామని సర్దుకున్నారు.

పని జూన్‌లో, నేల వెచ్చబడ్డాక పెట్టుకున్నారు. సోమవారం, మంగళవారం టౌనో గ్రైండర్ నడిపాడు. ఆ రెండు రోజులూ ఆ మోతకి ఇంట్లో మాట వినబడలేదు. తలుపులన్నీ మూసినా కప్పుల్లో తెల్లటి పొడి తేలింది. గ్యారేజీలో పొడిని చీపురుతో ఎత్తింది ఆర్వోనే. సానపట్టలేదని ఇప్పుడు టౌనో చెప్తే, ఆ పొడి ఎక్కడిది? నా కప్పులు నేను రెండుసార్లు కడుక్కున్నాను.

మంగళవారం సాయంత్రం టౌనో ఒక ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, అంచులు టేపుతో అంటించాడు. కింద తడి ఉంటే తెల్లారేసరికి కాగితం లోపల చెమట పడుతుందట. అంటించేటప్పుడు అడిగాడు. నేను కాఫీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"బావా, ఈ నేల కిందకి ఎటునుంచైనా నీళ్లొస్తాయా?"

"రావు."

"గొట్టాలేమైనా పోతున్నాయా?"

"ఏం లేవురా, వేసెయ్."

తెల్లారి కాగితం కింద ఒక్క చుక్క లేదు. గురువారం ఎపాక్సీ వేశాడు, శుక్రవారం పై పూత వేశాడు.

మీరు వంతెనకి అవతల, దిగువ మిషిగన్ నుంచి వచ్చారు, ఈ మాట మీకు వింతగా ఉంటుంది. గ్యారేజీ వెనకగోడకి అవతల మా సౌనా, అంటే ఆవిరిస్నానం గది, ఉంది. ఆర్వో నాన్న ఇల్లు కట్టక ముందే దాన్ని కట్టాడు. ఆర్వో అందులోనే పుట్టాడు. నా పిల్లలకి మొదటి స్నానం అందులోనే. శనివారం వస్తే పొయ్యి వెలుగుతుంది, రాళ్ల మీద నీళ్లు పోస్తారు, అంతే. వెలిగిద్దామా అని ఎవరూ ఎవర్నీ అడగరు. ఆ నీళ్లు మూలనున్న తూములోంచి, పెంకు గొట్టం గుండా, గ్యారేజీ నేల కింద నుంచి వెనక గుంటలోకి పోతాయి. ఈ సంగతి ఆర్వోకి తెలుసు, నాకు తెలుసు. నా పెళ్లయినప్పటి నుంచి అందులో కూర్చుంటున్న టౌనోకీ తెలుసు. కానీ వాడు నీళ్లని అడిగినప్పుడు మా ముగ్గురిలో ఒక్కరికీ సౌనా తట్టలేదు. మాకు నీళ్లంటే వాన, కరిగిన మంచు, పగిలిన కుళాయి. సౌనాలో పోసేది మా లెక్కలో నీళ్లలోకి రాదు. అంతకు ముందు శనివారం ఆర్వో చిన్నమ్మ అంత్యక్రియలకి వెళ్లాం, పొయ్యి వెలగలేదు. ప్లాస్టిక్ కాగితం పొడిగా ఉందంటే కారణం అదే.

పై పూత వేసిన మర్నాడు శనివారం. కొత్త నేల కుదిరిందన్న సంబరంలో ఇద్దరూ మామూలు కంటే ముందే సౌనాలోకి దూరారు. నేను వంటింట్లో యాలకుల రొట్టె కోస్తున్నాను. కిటికీలోంచి టౌనో గొంతు వినబడుతూనే ఉంది. "ఇంకో చెంబు పడనీ బావా! నేల అదిరింది, ఇంకో చెంబు పడనీ!" ఆ రోజు అందరికంటే ఎక్కువ నీళ్లు పోసింది వాడే.

ఆగస్టులో ఒకరోజు సౌనా కట్టెల పెట్టె గ్యారేజీలోకి వచ్చింది. సౌనా గోడ పక్క మూలలో, కొత్త నేల మీద పెట్టి ఉంది. "ఇదేంటి, దీన్ని ఇక్కడ పెట్టావ్?" అని అడిగాను. "అక్కడే బావుంది" అన్నాడు ఆర్వో. నేల మీద గీతలు పడతాయని పిల్లిని కూడా అటు రానివ్వని మనిషి అలా అన్నాడు. నేను ఇంకేం అడగలేదు.

పదో తారీఖున వచ్చిన ట్రక్కు పొడవైనది. చోటు చాలక ఆ పెట్టె జరిపి, ట్రక్కు వెనక్కి తీసుకుని, ఆ మూలలోనే స్టాండు పెట్టాడు. నేను అంట్లు తోముతున్నాను. చప్పుడు పెద్దగా రాలేదు. ఆర్వో నన్ను పేరు పెట్టి పిలిచాడు, అరవలేదు, మామూలుగా భోజనానికి పిలిచినట్టు పిలిచాడు. వెళ్లేసరికి స్టాండు కాళ్ల కింద పూత పెద్ద పెచ్చుగా లేచి ఉంది. లేచిన చోట తడిగా ఉంది. ఆ తడి అప్పుడు రక్తమనుకున్నాను.

నేను ఫోన్ చేస్తే టౌనో కూడా పరుగున వచ్చాడు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక ఎనిమిది రోజులు నేను గ్యారేజీ తలుపు తీయలేదు. టౌనో రాసిచ్చిన సంగతి మీరు ఫోన్‌లో చెప్పాక తీశాను. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పెచ్చు ఊడిన చోట కాంక్రీటు మీద గ్రైండర్ తిరిగిన చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, అంగుళం వదలకుండా ఉన్నాయి. మీరూ వచ్చి చూడవచ్చు. ఆ చోటు ఇంకా తడిగానే ఉంది. వాన లేదు, మంచు లేదు. అప్పుడు నాకు తూము గుర్తొచ్చింది.

మొన్న గురువారం ఊరగాయకి బీట్‌రూట్ ఉడకబెట్టాను. ఆ ఎర్రనీళ్లు పారబోయకుండా రెండు బకెట్లు సౌనా తూములో పోశాను. తెల్లారి చూస్తే గ్యారేజీ మూల, పెచ్చు అంచుల కింద, ఎర్రగా ఊరి ఉంది. వెనక గుంటలోకి మాత్రం ఒక్క చుక్క పోలేదు. గొట్టం ఎప్పుడో పగిలింది. ఆ నేలని కింద నుంచి శనివారం శనివారం తడుపుతూ వచ్చాం.

నిన్న టౌనో ఇంటికి వెళ్లాను. వాడు గ్రైండర్ చక్రాలు తుడుస్తున్నాడు. వాడికి పని లేదిప్పుడు. ఇద్దరు ముగ్గురు రావద్దని కబురు పెట్టారట. "తూము సంగతి నీకు తెలుసా?" అన్నాను. తల ఎత్తలేదు.

"ఆ రోజే తెలిసిందక్కా. బావని అంబులెన్సులో ఎక్కించాక పెచ్చు ఎత్తి చూశాను."

"మరి ఆ అబద్ధం ఎందుకు రాసిచ్చావురా?"

"నిజం చెప్తే తనిఖీకొస్తారు. తూము మూయమంటారు, సౌనా కూల్చమంటారు. బావకి కాలు పోయింది. సౌనా కూడా పోవాలా?"

"నీ బతుకు పోతుందిరా పిచ్చోడా!"

"నేలలు వేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారులే" అన్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి, చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు నిలబడినట్టే నిలబడ్డాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. వాడి ముందు ఏడవలేదు, కార్లో ఏడ్చాను.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్లాను. ఆర్వోకి తెలివిగానే ఉంది, మందు మత్తు లేదు. "టౌనో సానపట్టలేదని రాసిచ్చాడు. పొడి ఎత్తింది నువ్వే కదా?" అన్నాను.

"వాడు చెప్పాడుగా. వాడిష్టం."

"కట్టెలపెట్టె ఆ మూలకి ఎందుకు తెచ్చావ్? పూత పొక్కిందని చూశావు కదూ? టౌనోకి చూపిస్తే శనివారం సౌనా ఆగిపోతుందని దాచావు కదూ?"

దుప్పటి పైకి లాక్కున్నాడు. తర్వాత, "మా నాన్న వేసిన గొట్టం పగలదు" అన్నాడు.

అంతే. తమ్ముడు అబద్ధం చెప్తాడు, మొగుడు ఆ అబద్ధం కప్పుకుని పడుకుంటాడు. ఇద్దరికిద్దరే. నాకు ఆర్వో అంటే ప్రేమ లేక కాదు, ఆ కాలు లేని చోట దుప్పటి చూస్తే నాకు అన్నం దిగదు. కానీ నాకు కోపంగా ఉంది. ఆ సౌనా నాకూ ఇష్టమే. నా తమ్ముణ్ణి ఇచ్చి దాన్ని ఉంచుకునేంత ఇష్టం మాత్రం లేదు.

నేను చెప్పేది ఇదే. టౌనో నేల సానపట్టాడు, తడి పరీక్ష చేశాడు, అడగాల్సింది అడిగాడు. మంచి పూత ఎంచాడు, మంచిగా వేశాడు. అది ఊడింది సౌనా నీళ్ల వల్ల. ఆ నీళ్లు మా అందరివీ.

ఇంకొకటి. టౌనో మిగిల్చి వెళ్లిన రెండు ఎపాక్సీ డబ్బాలు బయట నా కారు డిక్కీలో ఉన్నాయి, పక్కనే ఇసుక సంచి ఉంది. ఇక్కణ్ణుంచి వెళ్లగానే వాటిని కలిపి ఆ తూములో పోస్తాను. కలపడం వాడు చేస్తుంటే చూశాను. ఒకసారి కలిశాక మనసు మార్చుకోవడానికి ఉండదు, గట్టిపడిపోతుంది. అందుకే మీరు ముందు వచ్చి ఆ ఎరుపు చూసుకుని, ఫొటోలు తీసుకోవాలి. కొత్త తూము ఇంకోవైపు తవ్వించుకుందామని ఆర్వోతో అంటాను. వద్దంటాడు. ఈ సంగతులేవీ ఆయనకి నేనింకా చెప్పలేదు. మీరు ఆయన్ని అడిగేటప్పుడు ఈ కాగితం మొత్తం చదివి వినిపించండి, నా నోటితో మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు.

మీరు రాసింది నాకు చదివి వినిపించారు. నేనన్న మాటలే ఉన్నాయి, ఒకటి కలపలేదు, ఒకటి తీయలేదు. అన్నీ నిజాలే, తెలిసి చెప్తున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి. కాస్త త్వరగా కానివ్వండి. ఇవాళ శనివారం, పొయ్యి వెలిగే వేళకి తూము మూసుకుపోవాలి, చలి పడితే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు.

(సంతకం) ఎల్మా కార్వోనెన్