బట్టల తాడు

రాజాం దారిలో కొండ కోసి రోడ్డు వేస్తున్నారు. ఆ వాలు జారకుండా ఇనప ఊచలు దిగ్గొట్టిన పనివాడు, కింద రేకుల షెడ్డులో ఉంటున్న మరదలి దగ్గర మంచినీళ్ళకు ఆగాడు.

"బావా, నీ ఊసకీ మా షెడ్డు గుంజకీ కట్టిన బట్టల తాడు మాటిమాటికీ వదులైపోతన్నాది. సీరలన్నీ బురదలోనే."

"ముడి సరిగ్గా ఎయ్యనేదేమో సూడే."

"ముడి గట్టిగానే ఉన్నాది. వానలు పడ్డకాడి నుంచి మూడుసార్లు బిగించినాను."

అతను తాడు వెంట కొండ మీదికి చూశాడు. చేతిలో చెంబు కింద పెట్టాడు.

"ముడి జారకపోతే ఊసే ఇటు జరుగుతన్నాది. ఆ ఊస మూడు బారలు దిగాల. బారెడు కాడే కంగుమంది. కొండరాయి తగిలింది, ఇంక కదలదని పైన మిగిలిన ఊస కోసేసినాం."

"రాయిలో దిగితే మంచిదే కదా?"

"కొండరాయయితే మంచిదే. మట్టిలో ఇరుక్కున్న ఒంటి బండయితే?"

"అయితే ఏటవుద్ది?"

"ఊసని అట్టుకుని ఆ బండే కిందికొస్తాది. లోపల ఎవులున్నారు?"

"అమ్మ. పడుకున్నాది."

"లేపు. సామాను ఒగ్గేసి రండి."

ఆమె కదల్లేదు. తాడు వైపే చూస్తోంది.

"ఇందాక నువ్వొచ్చే ముందే బిగించినాను బావా."

ఆరేసిన చీర అంచు అప్పటికే నేలను తాకుతోంది.