మిగిలిపోయిన పొట్టి స్క్రూ

"పట్టుమని పదిసార్లు మడిచానో లేదో, రెండో తెర చచ్చూరుకుంది" అన్నాడు కొడుకు, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

తల్లి, పక్కనే ఉన్న తమ ఫోన్ల రిపేరు కొట్టు గడపలో నిలబడి వింటోంది. కొడుకు నోరు విప్పితే చాలు, నలుగురు గ్లాసులు పట్టుకుని చేరతారు. ఇవాళ ఆ నలుగురిలో టైలరూ ఉన్నాడు. ఆ రెండు తెరల మడత ఫోను ఆయనదే. మొన్న బ్యాటరీ మార్చమని ఇచ్చాడు. ఇచ్చినప్పుడు రెండు తెరలూ వెలుగుతున్నాయి.

"కొత్తగా వచ్చిన రోజే చెప్పాను బాబాయ్, ఇది నిలబడే సరుకు కాదని. పుస్తకంలా తెరవాలంటే పుస్తకమే కొనుక్కోవచ్చుగా! పదిసార్లన్నానా, నిజానికి వెయ్యిసార్లు మడిచాను. కుడిచేత్తో మడుస్తూనే ఎడంచేత్తో ఇంకో నాలుగు ఫోన్లు బాగుచేశాను."

"నాలుగేనా?" అన్నాడు టీ కొట్టు బాబాయి.

"ఐదు. నువ్వు నమ్మవని ఒకటి తగ్గించాను. ఆ తర్వాత ఏమైందంటావ్? కంపెనీ పెద్దాయనే ఫోన్ చేశాడు. 'అయ్యా, మడవడం ఆపండి, ఇక్కడ మా ఫ్యాక్టరీ గోడలు కదులుతున్నాయి' అని. నేనూరుకుంటానా? రెండు తెరలు పెట్టావు సరే, మనిషికి ముక్కు ఒకటేగా, ఎటు తిప్పమంటావయ్యా అన్నాను. అంతే, గొల్లుమన్నాడు. ఆ ఏడుపుకి పై తెర తడిస్తే కింది తెర తుడిచింది!"

అందరూ నవ్వారు. టైలరు కూడా నవ్వబోయి ఆగి, మెడలో టేపు సర్దుకున్నాడు.

"ఇంకా వినండి. ఒకాయన దాన్ని జేబులో పెట్టుకుని వంతెన మీద పోతున్నాడు. గాలికి తెరుచుకుంది. రెండు రెక్కలూ టపటపా కొట్టుకున్నాయి. మనిషి లేచాడు! మూడు వీధులు దాటి, మేడ మీద ఆరేసిన దుప్పట్లో వేలాడాడు. దించడానికి ఎవర్ని పిలిచారనుకున్నారు?"

"ఇంకెవర్ని, నిన్నే" అన్నాడు తాపీ మేస్త్రి.

"నన్నే! కిందనుంచి ఒక్క చిటికె వేశాను. దానంతటదే మూసుకుంది. అప్పట్నుంచి మడత ఫోన్లన్నీ నేను కనిపిస్తే చాలు, సిగ్గుతో ముడుచుకుపోతున్నాయి. ఇలాంటివి కొనే మహానుభావులు కూడా ఉన్నారు, ఏం చేస్తాం!"

అందరూ టైలరు వైపు తిరిగారు.

"ఒక తెర మీద జాకెట్టు బొమ్మ, రెండో దాని మీద కొలతలు పెట్టుకునేవాణ్ణి" అన్నాడాయన మెల్లగా. "చేతులు మిషను మీదే ఉండేవి. బాగానే పనిచేసింది... ఏమో. ఇంట్లో వద్దంటే వినలేదు. నాకే బుద్ధి లేదు."

ఆ చివరి మాట తల్లికి తగిలింది.

ఆమె భర్త బతికున్న రోజుల్లో, ఫోను విప్పే ముందు తెల్ల కాగితం మీద దాని బొమ్మ గీసేవాడు. ఏ స్క్రూ ఎక్కడిదో ఆ బొమ్మలో అక్కడే పెట్టేవాడు. కొడుకు ఆ కాగితం మానేశాడు. "అంతా బుర్రలో ఉందమ్మా" అంటాడు. మొన్న ఫోను బిగించాక ఆమె బల్ల తుడుస్తుంటే పొట్టి స్క్రూ ఒకటి దొరికింది. బియ్యపు గింజలో సగం కూడా లేదు. పొట్టిది మిగిలిందంటే దాని చోట పొడుగుది దిగినట్టే. రెండో తెరకు పోయే తీగను గుచ్చినట్టే. ఆమెకు అప్పుడే అర్థమైంది. కొడుకు పరువు పోతుందనుకుని, దాన్ని కాగితంలో మడిచి సొరుగులో పెట్టింది.

ఇప్పుడు సొరుగు లాగింది. వెళ్లి ఆ కాగితం టీ బల్ల మీద విప్పింది.

"ఏంటమ్మా ఇది?"

"ఈ అన్నయ్య ఫోనులోది. మొన్న నీ బల్ల మీద మిగిలింది."

కొడుకు ఆ పొట్టి స్క్రూ వంక చూశాడు. అలవాటుకొద్దీ నోరు మాత్రం ఆగలేదు. "అదీ... కంపెనీ వాళ్లే ఒకటి ఎక్కువేసి..."

"ఈసారి పెద్దాయన ఫోన్ చేస్తే అడుగు" అంది తల్లి.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి పనుందంటూ లేచాడు. కొడుకు కాలు మీది కాలు దించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తల్లి కూడా తలెత్తలేకపోయింది. "నాకు మొన్నే తెలుసన్నయ్యా" అంది టైలరుతో. "చెప్పలేదు."

ఆయన తిట్టలేదు. ఆ స్క్రూని వేలికొనకు అంటించుకుని వెలుగులో చూశాడు.

"అయితే ఫోను మంచిదేనన్నమాట" అన్నాడు. "ఇంట్లో చెప్పాలి."

కొడుకు లేచి కొట్లోకి వెళ్లాడు. సొరుగులు ఒక్కొక్కటే లాగుతున్న చప్పుడు. కాసేపటికి లోపల్నుంచి, ఎన్నడూ లేనంత చిన్న గొంతు.

"అమ్మా, తెల్ల కాగితాలు ఎక్కడున్నాయి?"