జీపు మొదట ఆగిన బడులు

1991 జూలై 8, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆమె ఈ పరిశోధన సంస్థలో క్షేత్ర గణకురాలిగా చేరారు. 2025 జూన్ 30, సోమవారం, సాయంత్రం అయిదింటికి క్షేత్ర అధ్యయన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. మధ్యనున్నది ముప్పైనాలుగేళ్లకు వారం తక్కువ.

ఆమె చేరిననాటికి సంస్థకు మూడు గదులు. కింద విత్తన పరీక్షా కేంద్రం, పైన మనవాళ్లు. మనుషులు ఆరుగురు, కుర్చీలు నాలుగు. పల్లెలకు వెళ్లి బడులు, పొలాలు, బోర్లు ఎలా నడుస్తున్నాయో లెక్కపెట్టి ప్రభుత్వానికి తెలియజేయడం సంస్థ పని. మొదటి ఆరేళ్లు ఆమె బస్సుల మీద, సైకిలు మీద, కాలినడకన తిరిగారు. రాసుకున్న సంఖ్యను గడప దాటేముందు మరోసారి అడిగి సరిచూసుకోవడం అప్పుడు పట్టుబడిన అలవాటు. "ఇంట్లో అయిదుగురన్నారు కదమ్మా?" అని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేవారు. "ఇప్పుడే కదా చెప్పాను, ఇంతలో ఎవరు పుడతారు?" అని ఒక ఇల్లాలు విసుక్కుంది. ఆ మాట ఆఫీసుకు చేరింది. ఆనాటి నుంచి ఆమె 'రెండోసారి మేడమ్'.

1997లో పరిశోధన సహాయకురాలయ్యారు. 2003లో ఒక అధ్యయనం ఆమె చేతికి వచ్చింది: మెరుగైన విత్తనాన్ని చిన్న రైతులు ఎందుకు తీసుకెళ్లడం లేదు? అంతకుముందే ఇద్దరు నిపుణులు జవాబు రాసి ఉన్నారు, రైతులకు అవగాహన లేదని. ఆమె పంపిణీ కేంద్రం గుమ్మం దగ్గర నాలుగు రోజులు నిలబడ్డారు. అయిదోరోజు ఒక మహిళా రైతు చెప్పింది: "విత్తనం మంచిదేనమ్మా. సంచి నలభై కిలోలు. మా ఊరు ఆరు కిలోమీటర్లు. మోసేది నేను, మీ సారు కాదు." నివేదిక రెండు పేజీల్లో ముగిసింది. మరుసటి ఏడు పది కిలోల సంచులు వచ్చాయి. పంపిణీ మూడింతలైంది.

2009లో విభాగాధిపతి అయ్యారు. బోధించడానికి ఒక్కరే ఉన్న బడి, చదివించే కోరిక ఉన్నా తీరిక లేని ఇల్లు, తెలుసుకునే బాధ్యత ఉన్నా తిరగడానికి బండి చాలని పరిశోధకుడు, ఈ మూడింటి మధ్య ఆమె ఉద్యోగం సాగింది. విభాగానికి ఒకటే జీపు. పెట్రోలు రోజుకు మూడు ఊళ్లకు సరిపడా ఇచ్చేవారు. ఒక ఊరికి ఒకసారే వెళ్లాలి, రెండోసారికి అనుమతి ఉండదు.

ఈ ఏడాది జరిగినది ఇక్కడ నమోదు కావలసి ఉంది.

నిరుడు నవంబరులో విద్యాశాఖ 112 పల్లె బడుల్లో హాజరు లెక్కించమని సంస్థను కోరింది. పేర్లు నమోదైనవారిలో సగం మంది కూడా రాని బడులను జూన్ నుంచి మూసి, పిల్లలను రోడ్డు పక్కనున్న పెద్ద బడుల్లో కలుపుతామని ముందే చెప్పింది. ఆమె బృందం ముప్పై ఎనిమిది పనిరోజుల్లో లెక్క పూర్తిచేసింది. ముప్పై ఒక్క బడులు సగానికి దిగువన తేలాయి. ఫిబ్రవరి 11న ఆమె నివేదిక మీద సంతకం చేశారు.

మార్చి 4న వేరే పని మీద వెళుతుండగా, ఇరవై రెండేళ్లుగా ఆమెను తిప్పుతున్న డ్రైవరు నోరు విప్పాడు. ఆఫీసులో అతనికి ఆమె మేడమ్, బండి ఎక్కితే అక్క.

"అక్కా, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"కోపం వచ్చే మాటైతే బండి ఆపి అడుగు, తమ్ముడూ."

అతను నిజంగానే ఆపాడు.

"మూసేసే బడుల జాబితా పేపర్లో చూశాను. అన్నీ మనం పొద్దున్నే వెళ్లినవే. బండి కడిగిన నీళ్లు ఆరకముందే చేరినవి. మధ్యాహ్నం వెళ్లిన బడి ఒక్కటీ లేదేం?"

"ఒక్కటీ లేదా?"

"రెండున్నాయేమోలే. లాయర్లా పట్టుకోకు."

అతని ట్రిప్పు పుస్తకాన్ని, జాబితాను ఆమె జీపు బానెట్ మీద పక్కపక్కన పెట్టి చూశారు. ముప్పై ఒకటిలో ఇరవై తొమ్మిది ఆయా రోజుల్లో జీపు మొదట ఆగిన బడులు. డ్రైవరు పుస్తకంలో బండి ఆగిన వేళ నిమిషాలతో సహా ఉంది. సర్వే ఫారంలో తేదీ ఉంది, వేళకు గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది ఆమె. తలలు రెండుసార్లు లెక్కపెట్టమని బృందానికి నేర్పింది కూడా ఆమే. వాళ్లు లెక్కపెట్టారు, రెండుసార్లూ ఎనిమిదిన్నరకే.

అదేరోజు దారిలో, ఆ జాబితాలో ఉన్న ఒక బడికి వెళ్లారు. పదీ యాభై అయింది. గదిలో చోటు లేక పిల్లలు వసారాలో కూర్చున్నారు. టీచరమ్మ ఆమెను గుర్తుపట్టింది.

"ఆరోజే చెప్పానండీ, కాస్త ఆగండి, వస్తారని. పొద్దున నీళ్లు మోయాలి, మేకల్ని తోలాలి, చంటిదాన్ని ఎవరికైనా అప్పగించాలి. గంట కొట్టగానే రావడానికి వాళ్లేం ఉద్యోగస్తులా? మీ వాళ్లేమో జీపు వెళ్లిపోతుందన్నారు."

"తప్పు మాదే" అన్నారామె.

"తప్పు మీదైతే తాళం మాకెందుకండీ?"

మర్నాడు ఉదయం ఆమె డైరెక్టరు గదికి వెళ్లి జరిగింది చెప్పారు. ఆయన పెన్ను కింద పెట్టారు.

"మేడమ్, మీకింక నాలుగు నెలలు కూడా లేవు. తప్పు జరిగిందని మనమే రాస్తే రేపు మన లెక్క ఎవరు నమ్ముతారు? ప్రశాంతంగా వెళ్లిపోరాదూ?"

"నాతోపాటు ముప్పై ఒక్క బడులు వెళ్లిపోతాయి సార్. వాటికి వీడ్కోలు సభ కూడా ఉండదు."

డైరెక్టరు లేచి కిటికీలోంచి కింద నిలిపిన జీపును చూశారు. తర్వాత, "జీపు ఒక్కటే ఉంది. వారం కంటే ఎక్కువ ఇవ్వలేను" అన్నారు.

వారం సరిపోయేలా ఆమె పద్ధతి మార్చారు. జీపు తెల్లవారకముందే బయలుదేరి ఒక్కో బడి దగ్గర ఒక్కో మనిషిని దింపుతూ పోయింది. దిగినవారు తొలిగంట నుంచి ఆఖరుగంట వరకు అక్కడే ఉండి ఎనిమిదిన్నరకు, పదకొండుకు, రెండింటికి మూడుసార్లు లెక్కించారు. ఆమె కూడా ఒక బడి దగ్గర దిగారు. మార్చి 17 నుంచి 24 వరకు, ఆదివారం పోను ఏడు రోజుల్లో ముప్పై ఒక్క బడులూ అయ్యాయి. ఎనిమిదిన్నరకు సగటు హాజరు నూటికి నలభై ఒకటి, పదకొండుకు డెబ్బై ఎనిమిది. ఇరవై ఏడు బడులు సగం దాటాయి. నాలుగు దాటలేదు. ఆ నాలుగింటి సంగతి కూడా ఆమె దాచలేదు.

మార్చి 28న లేఖ వెళ్లింది. మొదటి వాక్యం: "నా సంతకంతో మీకు అందిన నివేదికలో తప్పు ఉంది, ఆ తప్పు నాది."

ఏప్రిల్‌లో జవాబు రాలేదు. మే నెలలోనూ రాలేదు. ప్రతి సోమవారం ఆమె ఫోను చేసేవారు, ఫైలు నడుస్తోందని అటునుంచి చెప్పేవారు. ఇంట్లో ఎనభై నాలుగేళ్ల అత్తగారు ఆ మాట విని, "నడుస్తోందంటే ఎక్కడికే? ఇంత నడిస్తే మనింటికే వచ్చుండేది" అన్నారు. కోడలు నవ్వలేదు. "నీ కంచంలో తిండి అలాగే ఉంది. నువ్వు మానేస్తే బడి తెరుస్తారా? తిను" అని అత్తగారు దగ్గర కూర్చున్నారు.

బడులు తెరిచే రోజు జూన్ 12. జూన్ 9, సోమవారం, సాయంత్రం నాలుగూ పదికి ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఏడు బడుల విలీనం రద్దు. నాలుగింటిపై నిర్ణయం గ్రామస్తులతో మాట్లాడాక. ఇకమీదట ఏ సర్వేలోనైనా పదకొండుకు ముందు తీసిన హాజరు చెల్లదు. డైరెక్టరు కాగితం పట్టుకుని తానే ఆమె గదికి వచ్చారు. ఆమె చదివి, బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, కుర్చీలో వెనక్కి వాలారు. గుమ్మం దగ్గర నిలబడ్డ డ్రైవరు ఆఫీసన్న సంగతి మరిచి, "హమ్మయ్య! అక్కా, ఇక ఇంటికెళ్లి పడుకో" అన్నాడు.

ఆమె వెళ్లారు. అరగంట ముందుగా వెళ్లడం ముప్పైనాలుగేళ్లలో అదే మొదటిసారి అని హాజరుపట్టీ చెబుతోంది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుందని అత్తగారు మన సంస్థ పత్రిక ఈ సంచిక కోసం ప్రత్యేకంగా చెప్పి రాయించారు.

వారి విశ్రాంత జీవితం ఆరోగ్యంతో నిండాలని, మోకాళ్లు మాట వినాలని, ఇంటిల్లిపాదితో కలిసి నిండు నూరేళ్లు నిశ్చింతగా గడపాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం. వేళ గడి చేర్చిన కొత్త ఫారం ఇప్పుడు విభాగంలో వాడుకలో ఉంది.

జూన్ 12, గురువారం, ఇరవై ఏడు బడులూ తెరుచుకున్నాయి. అన్నిటికన్నా దూరాన ఉన్న బడిలో నమోదైన పేర్లు యాభై రెండు. పదకొండు గంటలకు హాజరు నలభై ఆరు.