స్వామి పేరున క్లారినెట్

తాను జర్మనీ నుంచి తెప్పించుకుంటున్న వాద్యం చెన్నై కస్టమ్సులో ఆగిపోయిందని కబురు రాగానే, క్లారినెట్ విద్వాంసుడు ఆళ్లగడ్డలో మొదటి బస్సెక్కి నంద్యాల కొరియర్ ఆఫీసుకు చేరాడు. గుమస్తా కాగితం తిప్పి చూపించాడు.

“పార్శిల్ మీద అహోబిలం నరసింహస్వామి అని ఉందన్నా. ఎవరాయన?”

“కొండ మీద దేవుడప్పా. మా ఇంట్లో ఏ వాద్యం కొన్నా ఆయన పేరునే కొంటాం.”

“దిగుమతి పన్ను కట్టాలంటే ఆయన ఆధార్ కార్డు కావాల.”

“లోకానికే ఆధారం ఆయన. ఆయనకు ఆధార్ యాడ తెచ్చేది?”

“తేకుంటే పెట్టె జర్మనీకి వాపసు పోతాది.”

“వచ్చే వారం ఉత్సవాలప్పా! పాతది పగిలి, గాలి వస్తాండాది గానీ రాగం రాదు.”

“అయితే పేరు తప్పు పడిందని రాసి, నీ కార్డియ్యి.”

విద్వాంసుడు కలం పట్టుకుని ఆగిపోయాడు.

“నా పేరున రాస్తే స్వామి సొత్తు నాదైపోదా?”

“పన్ను నీ పేరున కట్టు, వాద్యం ఆయన పేరున వాయించు. దానికి కస్టమ్సోళ్లు అడ్డం రారు.”

పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ పన్ను కట్టేశాడాయన.

“రసీదు మడత పెట్టొద్దప్పా.”

“ఏం, ఎందుకు?”

“మా తాతలంతా స్వామికి పాట కట్టినోళ్లే. స్వామి తరఫున పన్ను కట్టినోన్ని నేనొక్కన్నే. పటం కట్టించాల!”