చిట్టెమ్మ వంకకు పెండ్లి చేసిన నాయన

వంకమీదపల్లెలో ఓబుళరెడ్డి అని ఒకాయనుండె. ఊరికి పెద్ద. పెద్దంటే ఏందనుకుంటాండారు, యా పనీ చేయకుండా అందరి పనిలో మాట చెప్పేవాడనుకో. ఆయనకు వంక గట్టున తమలపాకుల తోట ఉండె. ఆ ఆకు నోట్లో యేస్తే నమిలే పని ల్యా, యెన్న మాదిరి కరిగిపాయె. ఆ తోటకేమన్నా అయితే ఆయనకు పానం పోయినట్లే. ఆ వంక పేరు చిట్టెమ్మ. ఊరోళ్ళు దాన్ని వంక అనరు, మా ఊరి ఆడబిడ్డ అంటారు. ఏటేటా మొదటి నీళ్ళు కొండ దిగినాయంటే చాలు, ఊరంతా తప్పెట్లు కొట్టుకుంటా పోయి, పసుపూ కుంకమా చల్లి, చీరా రైకా నీళ్ళలో ఇడిచి, "రామ్మా చిట్టెమ్మా, పుట్టింటికి రామ్మా" అని హారతియ్యాల. ఆ బిడ్డకు నాయన వరస ఓబుళరెడ్డిది. చీర పెట్టేది ఆయనే. ఆ చీర కూడా కొత్తదేం కాదులే, పెండ్లాం సుంకమ్మ కట్టి ఇడిచింది. నీళ్ళకు కొత్తేంది పాతేంది అంటాండెనంట.

ఇప్పుడేమైందంటే, ఈ నాయన ఏడాదికింత తోట గట్టును వంకలోకి జరుపుకుంటా వచ్చె. సుంకమ్మ చూసి, "ఏమయ్యా, బిడ్డ నడిచే దావ తింటాండావే" అని అడిగితే, కూతురి సొత్తు నాయన చూసుకోకుంటే ఇంకెవురు చూసుకుంటారే అన్నాడంట. ఎంత పేమో చూసినారా! మరి ఊరోళ్ళకు మాత్రం వరసలు లేవా? బట్టలకు అద్దకం యేసే లింగప్ప మేనమామంట. రంగునీళ్ళన్నీ తెచ్చి వంకలో కుమ్మరించి, మేనకోడలి మీద మామ రంగు చల్లకుంటే ఎవురు చల్లుతారు అనె. ఇండ్లు కట్టే మారెప్ప బావ వరస. బండ్లు బండ్లు ఇసక ఎత్తకపోయి, మరదలి సొమ్ము బావ ముట్టుకుంటే తప్పా అనె. ఇంక మేనత్తలకు కరువా? వాళ్ళు తట్టలు తట్టలు కసువు తెచ్చి గట్టున నిలబడి ఇసిరి, ఆడబిడ్డ అన్నాక పుట్టింటి కసువు ఊడ్చకపోతే ఎట్ల అనిరి. పరాయోడు ఒక్కడు కూడా ఆ వంక మీద చెయ్యి పెట్టలేదప్పా. అంతా అయినవాళ్ళే.

ఇంకేముంది, వంక కాస్తా కాలవాయె, కాలవ కాస్తా మురికిగుంటాయె. ముందర ఆడోళ్ళు ఇసకలో చేత్తో చెలమ తీస్తే చాలు, టెంకాయ నీళ్ళ మాదిరి నీళ్ళు ఊరతాండె. ఇప్పుడు ఇసక ఏది? బంకమన్ను తవ్వితే ఊరేది నీళ్ళో, లింగప్ప రంగో తెలీదు. ఒకనాడు నీలంగా, ఒకనాడు ఎర్రగా. అవి తాగి పసిబిడ్డలకు వాంతులు, భేదులు. నవ్వతా చెప్తాండా గానీ, ఈ మాట కాడికొచ్చేసరికి నాకు కడుపు మండతాది. అప్పుడు ఊరంతా కూర్చోని ఆలోచన చేసిరి. ఏం ఆలోచన? గట్టు తీద్దామనా? కసువు ఎత్తుదామనా? అబ్బే! "బిడ్డకు ఈడొచ్చె, మనం పెండ్లి చేయకుంటిమి, అందుకే అలిగి ముడుచుకోని పోయింది" అని తేల్చిరి. వానల్లేనప్పుడు కప్పలకు పెండ్లి చేసే ఊరే గదా, వంకకు చేయలేరా? ఈ మాట అందరికీ నచ్చె. యాల నచ్చదు, ఎవురూ పార పట్టే పని లేకపాయె. సుంకమ్మ ఒక్కతే లేచి, "పెండ్లైన పిల్ల యాడుంటాదో ఎవురన్నా చెప్పండి" అనె. మంచి కార్యంలో అడ్డం మాటేందే, గమ్మునుండు అని ఓబుళరెడ్డి కసిరినాడంట.

పెండ్లికొడుకు ఎవురనుకుంటారు? కొండ అవతల గువ్వలపల్లె చెరువు. మంచి సంబంధమే, లోతున్నోడు. ఆ ఊరి పెద్దాయన గంగన్న సరే అనె. కలశంలో చిట్టెమ్మ నీళ్ళు పట్టిరి, ఆ నీళ్ళను బట్టలో వడగట్టాల్సి వచ్చెననుకో, కలశం మెడకు తాళి కట్టిరి, మేళంతో తీసకపోయి చెరువులో పోసిరి. అప్పగింతలప్పుడు ఓబుళరెడ్డి గంగన్న చేతులు పట్టుకోని, "అన్నా, పాల ముంచినా నీట ముంచినా ఇంక నీదే భారం" అని ఏడ్చినాడు చూడూ, అందరికీ కండ్లల్లో నీళ్ళు తిరిగినాయంట. ఆ తరువాత శానా నెలలు వంకమీదపల్లోళ్ళకు కనపడిన నీళ్ళు అవే.

అదెట్లంటే, గువ్వలపల్లోళ్ళు మర్యాదస్తులు. కోడలు ఇంట్లో కాలు పెట్టాలంటే దావుండాల గదా అని, మనిషికో పార పట్టుకోని, వంక మలుపు తిరిగే కాడ నుంచి కొండను చుట్టి చెరువు దాకా కాలవ తవ్విరి, రాళ్ళూ ముండ్లూ ఏరిరి. వానొచ్చె. నీళ్ళు కొండ దిగి మలుపు కాడ నిలబడినాయి. ఈ పక్క చూస్తే గట్లు, కసువు, బంక. ఆ పక్క చూస్తే ఊడ్చి పెట్టిన వాకిలి మాదిరి కాలవ. మీరైతే ఎటు పోతారు? చిట్టెమ్మా అటే పాయె. ఈడ ఊరంతా తప్పెట్లు పట్టుకోని, హారతి పళ్ళెం పట్టుకోని నిలబడే ఉండారు, కర్పూరం అయిపాయె గానీ చుక్క నీళ్ళు రాలే. బావి అడుగంటె. ఆకుతోట తీగలు పండుబారి, ఒక్కొక్కటే కిందికి జారిపాయె. ఓబుళరెడ్డి ఆ తీగలను చేత్తో పట్టుకోని నిజంగానే ఏడ్చినాడు. ఆయన మీద నాకు కోపమే గానీ, తోట ఎండటం చూడలేమప్పా. ఆడోళ్ళు కడవలెత్తుకోని కొండ దాటి గువ్వలపల్లెకు పోతే, ఆడ ఒకామె, "ఏం వదినా, బిడ్డను చూసేదానికి వచ్చినారా?" అన్నాదంట.

సరే, సారె కట్టుకోని ఊరోళ్ళు గంగన్న కాడికి పోయిరి. బిడ్డను పుట్టింటికి పంపు నాయనా అనిరి. గంగన్న నవ్వి, పంపనీకి మాకేం, నిండు నెలలకు పుట్టింటికి రావడం మర్యాదే గదా, చెరువు నిండినాక మలుపు కాడ కాలవకు అడ్డం యేస్తాం, అదే మీ పక్కకు వస్తాది, "గానీ పిల్ల వచ్చి యాడ కూర్చుంటాది? ముందు పోయి ఇల్లు ఊడ్చుకోండి" అన్నాడంట. ఓ, దానికేం అని వచ్చిరి. వచ్చి ఏం చేసిరనుకుంటారు? వంక మొదట్లో మామిడాకుల తోరణం కట్టిరి. కసువు దిబ్బ మీద సున్నంతో ముగ్గేసిరి. గట్టు మాత్రం యాడిది ఆడే. "నిండు చూలాలికి ఇంత చోటు చాలదా" అన్నాడంట ఓబుళరెడ్డి.

ముసురు పట్టె. పట్టిందంటే ఇడవని ముసురు. గువ్వలపల్లె చెరువు నిండి అలుగు పారె. గంగన్న మాట తప్పే మనిషా, అడ్డం యేసె. చిట్టెమ్మ పుట్టింటికి వచ్చె. ఎట్లొచ్చె? నిండు చూలాలు, ఒళ్ళు బరువు, దావలో ఏముందో చూసుకుంటాదా? తోరణం పాయె, ముగ్గు పాయె, లింగప్ప అద్దకం తొట్లు పాయె, మారెప్ప ఇసక దిబ్బలు పాయె, గట్టుతో సహా తోట పాయె. ఓబుళరెడ్డి మిద్దెక్కి, "తల్లీ, చిట్టెమ్మా, నేను నీ నాయన్నే! పో తల్లీ, పో!" అని అరస్తాండె. పక్కనే సుంకమ్మ హారతి పళ్ళెం చేతికిచ్చి, "ఇన్నేండ్లూ రామ్మా రామ్మా అంటివి గదయ్యా, వచ్చిన బిడ్డను పొమ్మంటారా ఎవురన్నా? ఇయ్యి, హారతియ్యి" అనె.

తెల్లారి నీళ్ళు తీసినాయి. కసువు లేదు, బంక లేదు, ఈ దరి నుంచి ఆ దరికి తెల్లటి ఇసక. ఆడోళ్ళు పరిగెత్తిపోయి చెలమ తీసి, ఆ నీళ్ళు తాగి, ఏడ్చినారంట. ఓబుళరెడ్డి ఏం చేసె? పార భుజానేసుకోని వంకలోకి దిగె. యాడికయ్యా అంటే, "గట్టు యాడుండెనో గుర్తు చూసొస్తా" అనె. సుంకమ్మ పోయి వంక దరిన, అసలు దరిన, కూర్చున్యాది. "గట్టు యేసేదుంటే నా మీద యేసి, ఇట్ల లోపలికి రా" అనె. తిండికి లేయలే, మొగుడు బతిమాలినా లేయలే. ఆడనే అట్లనే రాతిగుండైపోయిందంట. అదే మన సుంకమ్మ గుండు. ఆ గుండు దాటి ఎవురూ గట్టు వేయకూడదని పెద్దోళ్ళు పెట్టిన మాట. మన ఆడోళ్ళు ఇప్పటికీ పసుపు రాస్తానే ఉండారు గదా.

ఇంతే కథ. అయితే మొన్న నేను పోయి చూసొస్తిని. సుంకమ్మ గుండు ఇప్పుడు వంక దరిన లేదు, మన ఎర్రన్న చెనిక్కాయ చేన్లో నడీమధ్యన ఉండాది. ఏం ఎర్రన్నా, తల దించుకుంటివే? గుండు నడిచిపోలేదు గదప్పా.